ఫైళ్ల సర్వరు : ఎవరి గది వారికి

ఇంటికి వచ్చిన అతిథిని మనము సాదరముగా లోనికి పిలిచి ముందరి గదిలో కూర్చుండబెట్టుదుము. అతడు ఎంత పెద్దమనిషి యైనను ధాన్యపు కొట్టులోనికో, పెట్టెలున్న లోపలి గదిలోనికో త్రోవ చూపము. ఇది అపనమ్మకము కాదు, ఇంటి కట్టుబాటు. పెక్కుమందికి ఫైళ్లను అందించుటకును, వారి నుండి ఫైళ్లను పుచ్చుకొనుటకును ఏర్పరచిన సర్వరు కంప్యూటరునకు కూడ ఇట్టి కట్టుబాటు అవసరము. దానిని ఎట్లు నిర్మింతురో, అది ఎచ్చట చెడిపోవునో ఈ వ్యాసమున పరిశీలింతము.

శేరిలింగంపల్లి మండలములోని గోపన్‌పల్లి ఒకప్పుడు చిన్న గ్రామము. ప్రక్కనే హైదరాబాదు విశ్వవిద్యాలయపు విశాలమైన ప్రాంగణము. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత సాఫ్ట్‌వేర్ పరిశ్రమ పడమటి దిక్కుగా వ్యాపించి, గచ్చిబౌలిని, నానక్‌రామ్‌గూడను దాటి ఈ గ్రామము వరకు వచ్చినది. ఈ ప్రాంతపు కార్యాలయములలో పనిచేయువారి మెడలో ఒక కార్డు వ్రేలాడుచుండును. ఆ కార్డు కొన్ని తలుపులను తెరచును, కొన్నింటిని తెరవదు. కాని తెరవని తలుపు కూడ కంటికి కనబడుచునే యుండును. దాని వెనుక ఏదో గది కలదని కార్డు గలవాడు ఎరుగును.

ఫైళ్ల సర్వరులో రెండు విధములైన కట్టుబాట్లు కలవు. మొదటిది ఈ కార్డు వంటిది: తలుపు కనబడును, తెరచుకొనదు. రెండవది విచిత్రమైనది: వచ్చినవానికి తన గది తప్ప తక్కిన భవనమే లేనట్లు తోచును. ఈ రెండింటికి గల భేదమును గ్రహించినచో తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

ఫైళ్ల బదిలీ పుట్టుక

ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు ఫైలును పంపుటకు ఇరుపక్షములును ముందుగా ఒప్పుకొన్న సంభాషణ పద్ధతిని ప్రోటోకాల్ అందురు. ఫైళ్ల బదిలీకి, అనగా ఎఫ్.టి.పి.కి, మొదటి ప్రోటోకాలును వ్రాసినవారు మన దేశీయులే. అలహాబాదున జన్మించి, కాన్పూరు ఐ.ఐ.టి. నుండి 1965లో వెలువడిన మొదటి విద్యార్థి బృందములో ఒకరైన శ్రీ అభయ్ భూషణ్, అమెరికాలోని ఎం.ఐ.టి.లో నుండగా 1971 ఏప్రిల్ 16వ తేదీన దానిని ఆర్.ఎఫ్.సి. 114 అను పత్రముగా ప్రకటించిరి. పిదప అది పెక్కు మార్పులు పొంది, 1985 అక్టోబరులో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ వ్రాసిన ఆర్.ఎఫ్.సి. 959 రూపమున స్థిరపడినది. ఈ సంభాషణలో వచ్చినవాడు తన పేరు చెప్పును, రహస్యపదము చెప్పును, తరువాత "ఈ డైరెక్టరీలోనికి పోనిమ్ము", "ఈ ఫైలు నిమ్ము", "ఈ ఫైలు పుచ్చుకొనుము", "నేనిప్పుడు ఎచ్చట నున్నాను?" అని అడుగును. "ఒక మెట్టు పైకి పోనిమ్ము" అను ఆజ్ఞ కూడ కలదు. మన చిక్కులన్నియు ఈ చివరి ఆజ్ఞతోనే ఆరంభమగును.

అందరికిని తెరచియుంచిన సర్వరులు లేకపోలేదు. హైదరాబాదు నగరపు ప్రగతినగరులో 1999లో స్థాపితమైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, అనగా ఇన్‌కాయిస్, ఆర్గో అను అంతర్జాతీయ కార్యక్రమములో పాల్గొనుచున్నది. ఆర్గో యంత్రములు సముద్రములో సుమారు పది దినములకు ఒకసారి 2000 మీటర్ల లోతు నుండి పైకి తేలుచు, దారి పొడుగున నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచి ఉపగ్రహము ద్వారా పంపును. ఈ కొలతల ఫైళ్లు ఫ్రాన్సులోని బ్రెస్ట్, అమెరికాలోని మాంటెరీ అను చోట్ల గల రెండు ప్రపంచ భాండాగారములకు చేరును. అచ్చట ఒక్కొక్క దేశపు కేంద్రమునకు ఒక్కొక్క డైరెక్టరీ; వానిలో ఇన్‌కాయిస్ పేరు గలది మన హైదరాబాదు కేంద్రమునది. ఎవరైనను పేరు చెప్పకయే వచ్చి అన్ని డైరెక్టరీలను చదువుకొనవచ్చును. కాని వచ్చిన ప్రతివాడును ఇన్‌కాయిస్ డైరెక్టరీలోని అంకెలను మార్చగలిగినచో, బంగాళాఖాతపు ఉష్ణోగ్రతల మీద ఆధారపడిన లెక్కలను నమ్మువారు ఉండరు. కావున చదువుట అందరిది, వ్రాయుట కొందరిది.

పాఠశాల అవసరము ఇంతకంటె భిన్నము. గోపన్‌పల్లి వంటి చోట ఒక ఉన్నత పాఠశాల కలదని ఊహింతము. అచ్చటి కంప్యూటరు గదిలో పాత యంత్రమొకదానిపై లినక్స్ ఉంచి, దానిని ఫైళ్ల సర్వరుగా చేసినారు. విద్యార్థులు తమ ఇంటిపనిని దానిలో ఉంచవలెను; ఉపాధ్యాయులు పాఠములను ఉంచెదరు; ప్రధానోపాధ్యాయులు అర్ధసంవత్సర పరీక్షా పత్రములను కూడ దానియందే దాచినారు. తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన పేరుతో ప్రవేశించి "పైకి పోనిమ్ము" అని నాలుగు మారులు ఆజ్ఞాపించినచో ఏమగును? ఏ కట్టుబాటును లేనిచో వాడు పరీక్షా పత్రము వద్దకు చేరును. పత్రము బయటపడెనా, పరీక్షయే వ్యర్థము. వాడు దానిని దొంగిలింపవలెనని రాకపోవచ్చును. ఊరక తిరుగుచు తిరుగుచు వచ్చియుండవచ్చును. పిల్లవానికి ఇట్టి అవకాశమిచ్చి తరువాత వానిని దండించుట న్యాయము కాదని నా తలంపు.

తలక్రిందుల చెట్టు

ఫైళ్లను చెట్టు ఆకారమున అమర్చు పద్ధతిని మల్టిక్స్ అను వ్యవస్థ కొరకు డేలీ, న్యూమన్ అను వారు 1965లో ఒక సమావేశ పత్రములో వర్ణించిరి. తరువాత యూనిక్స్, దాని ననుసరించి లినక్స్ ఈ పద్ధతిని గ్రహించినవి. ఈ చెట్టు తలక్రిందులుగా నుండును: వేరు పైన, కొమ్మలు క్రింద. వేరునకు గుర్తు "/" అను ఏటవాలు గీత. "/పాఠశాల/తొమ్మిది/రమ" అనగా, వేరు నుండి బయలుదేరి పాఠశాల అను కొమ్మ, అందు తొమ్మిది అను రెమ్మ, అందు రమ అను డైరెక్టరీ అని అర్థము. (లినక్స్‌లో డైరెక్టరీలకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చును, చదువరులు ప్రయత్నించి చూడుడు.) ప్రతి డైరెక్టరీలోను ".." అను రెండు చుక్కల పేరొకటి దానంతట అదే యుండును. అది తన తల్లి డైరెక్టరీని సూచించును. "పైకి పోనిమ్ము" అనగా ఈ రెండు చుక్కలను అనుసరించి పోవుటయే.

మొదటి కట్టుబాటు అనుమతులది. ప్రతి ఫైలునకు, ప్రతి డైరెక్టరీకి ఒక యజమాని, ఒక బృందము ఉండును, తక్కినవారందరు ఇతరులు. ఈ మూడు తెగలకును మూడేసి హక్కులు: చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. ఈ అంకెలను కూడి ఒక్కొక్క తెగకు ఒక్కొక్క అంకె వ్రాయుదురు. 750 అనగా యజమానికి 4+2+1, బృందమునకు 4+1, ఇతరులకు సున్న. మూడు హక్కులు గలవు గనుక ఎనిమిది విధములు; అందువలననే ఇది ఎనిమిది మూలముగా గల సంఖ్యామానమునకు చక్కగా అమరినది. గణిత ఉపాధ్యాయులు ఈ ఉదాహరణను తరగతిలో వాడుకొనవచ్చును.

డైరెక్టరీ విషయమున ఈ హక్కులకు అర్థము కొంచెము మారును. చదువుట అనగా లోపలి పేర్ల పట్టికను చూచుట. నడుపుట అనగా దానిగుండా లోనికి పోవుట. వ్రాయుట అనగా ఆ పట్టికలో పేర్లను చేర్చుట, కొట్టివేయుట. ఇందొక విశేషము కలదు. ఒక ఫైలును తొలగించుటకు ఆ ఫైలుపై హక్కు అక్కరలేదు. అది యున్న డైరెక్టరీపై వ్రాయు హక్కు ఉన్న చాలును. తొలగించుట అనగా పట్టికలోని పేరును కొట్టివేయుటయే గదా! ఈ సంగతి ఎరుగక, ఫైలును "చదువుటకు మాత్రమే" అని గుర్తించి నిశ్చింతగా ఉన్నవారు పెక్కుమంది.

చదువు హక్కు లేకుండ వ్రాయుటకును నడుచుటకును మాత్రమే హక్కు ఇచ్చినచో ఆ డైరెక్టరీ దేవాలయపు హుండీ వంటిదగును. వేయవచ్చును, ఏమున్నదో చూడరాదు. ఇంటిపనిని పుచ్చుకొనుటకు ఇది మంచి ఉపాయమే. అయితే ఇనుప హుండీకి గల దృఢత్వము దీనికి లేదు. లోపలి ఫైలు పేరు ఊహింపగలిగినవాడు దానిని పేరుపెట్టి అడుగవచ్చును, కొట్టివేయనువచ్చును. పిల్లలందరు తమ వరుస సంఖ్యనే ఫైలు పేరుగా పెట్టినచో ఊహించుట ఎంత పని?

అనుమతులు సక్రమముగా నుంచినచో పరీక్షా పత్రము భద్రముగనే యుండును. కాని వచ్చినవాడు చెట్టంతయు తిరుగగలడు. సర్వరులో ఎవరెవరికి ఖాతాలు గలవో తెలుపు పట్టిక అందరికి చదువదగియే యుండును. అందు రహస్యపదములుండవు గాని పేర్లుండును. ఏ ప్రోగ్రాములు గలవో, అవి ఎంత పాతవో కూడ తెలిసికొనవచ్చును. అన్నింటికంటె ముఖ్యముగా, వేలకొలది డైరెక్టరీలలో ఒక్కదాని అనుమతి పొరపాటున సడలినచో చాలును. ఇన్ని తలుపులలో ప్రతి గడియను ప్రతి దినము పరీక్షించుట మానవ సాధ్యము కాదు.

పేరు పోల్చి చూచు పద్ధతి

అట్లయిన, సర్వరు ప్రోగ్రామే వచ్చినవాడు కోరిన త్రోవను పరిశీలించి, అది వాని డైరెక్టరీ పేరుతో ఆరంభమైనచో ఇచ్చి, కానిచో నిరాకరింపరాదా? ఈ ఆలోచన ఎవరికైనను మొదట తోచును. కొందరు అట్లే వ్రాసిరి కూడ. దానిలోని లోపమును మన పేర్లతోనే చూడవచ్చును. రమ అను బాలిక డైరెక్టరీ "/పాఠశాల/తొమ్మిది/రమ". "ఈ అక్షరములతో ఆరంభమగు త్రోవలన్నియు రమవే" అని ప్రోగ్రాము తలంచినచో, "/పాఠశాల/తొమ్మిది/రమణ" కూడ ఆ అక్షరములతోనే ఆరంభమగును! రమణ ఇంటిపని అంతయు రమకు కనబడును. దీనిని సవరించి చివర ఏటవాలు గీతను కూడ చేర్చిచూచినను, "/పాఠశాల/తొమ్మిది/రమ/../రమణ" అను త్రోవ పరీక్షలో నెగ్గి, రెండు చుక్కల వద్ద వెనుకకు మరలి రమణ గదిలో తేలును. రెండు చుక్కలను నిషేధించినచో, వానినే మరియొక సంకేత రూపమున వ్రాసి పంపువారుందురు. రమ డైరెక్టరీలో బయటకు చూపు లంకె ఫైలు ఉన్నచో చుక్కల అవసరమే లేదు. పేరు వేరు, చోటు వేరు. పేర్లను మాత్రము చూచి చోటును కాపాడబూనుట ఎన్ని అతుకులు వేసినను నిలువదు.

వేరునే మార్చుట

రెండవ కట్టుబాటు ఈ చిక్కును మొదలంట తెంచును. లినక్స్ కెర్నెల్, నడుచుచున్న ప్రతి ప్రోగ్రామును గురించి రెండు సంగతులను వ్రాసియుంచుకొనును: దానికి వేరు ఏది, అది ఇప్పుడున్న చోటు ఏది. "/" అను గుర్తు కనబడినప్పుడెల్ల కెర్నెల్ ఆ ప్రోగ్రామునకు వ్రాసియున్న వేరు నుండి బయలుదేరును. ".." కనబడినప్పుడు, "ఇప్పుడున్న చోటు ఈ ప్రోగ్రాము యొక్క వేరేనా?" అని చూచును. అవునన్నచో పైకి పోదు, అచ్చటనే నిలుచును. సామాన్యముగా అన్ని ప్రోగ్రాములకును వేరు ఒక్కటే. కాని సీహెచ్‌రూట్ అను ఆజ్ఞతో ఒక ప్రోగ్రామునకు వేరును మార్చవచ్చును. రమ ప్రవేశించినంతనే ఆమెకు సేవచేయు ప్రోగ్రాము యొక్క వేరును "/పాఠశాల/తొమ్మిది/రమ"గా మార్చినచో, అప్పటి నుండి ఆమెకు "/" అనగా అదియే. నూరు మారులు పైకి పొమ్మన్నను అచ్చటనే యుండును. పరీక్షా పత్రపు త్రోవను అక్షరము తప్పకుండ చెప్పినను, అట్టి త్రోవ ఆమె లోకములో లేదు. ఇచ్చట నిషేధింపబడినది ఏదియు లేదని గమనింపుడు. పేరునకు అర్థమే మారినది.

ఈ ఆజ్ఞ 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులోనే కలదు. 1982 మార్చిలో బిల్ జాయ్ దీనిని కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయపు యూనిక్స్‌లో చేర్చెను. క్రొత్త వ్యవస్థను ఒక మూల వేరుగా కట్టి పరీక్షించుటకు అది అక్కరకు వచ్చినదట. అనగా మొదట ఇది పనివాని పరంజా. కారాగారపు గోడగా వాడుట తరువాత వచ్చినది. పేరు చెప్పకుండ వచ్చువారిని ఒక డైరెక్టరీకి పరిమితము చేయుటకు బర్కిలీ ఎఫ్.టి.పి. సర్వరు దీనిని వాడినది. పరంజాకును గోడకును గల తేడా కొన్ని చోట్ల ఇప్పటికిని బయటపడుచుండును.

ఒక ఉదాహరణము: సీహెచ్‌రూట్ వేరును మార్చును గాని, ప్రోగ్రాము ఇప్పుడున్న చోటును మార్చదు. గోడ కట్టినవాడు గోడకు బయటనే నిలిచియున్నట్లు! ఆ స్థితిలో ".." అనుచు పైకి పోయినచో, "ఇది నా వేరేనా?" అను ప్రశ్నకు అవునను సమాధానము దారిలో ఎచ్చటను రాదు, పోయి పోయి నిజమైన వేరునే చేరును. కావున వేరు మార్చిన వెంటనే ప్రోగ్రామును లోనికి నడిపింపవలెను. అంతటితో సరిపోదు. సీహెచ్‌రూట్ చేయు అధికారము యంత్రమున సర్వాధికారికి మాత్రమే కలదు. ఈ సర్వాధికారి పేరు కూడ రూట్ అగుట ఆంగ్లమున ఒక గందరగోళము. మనము తెలుగున వేరు అనియు సర్వాధికారి అనియు విడదీసితిమి. లోపలనున్న ప్రోగ్రామునకు ఆ అధికారము మిగిలియున్నచో, అది లోపల మరియొక చిన్న డైరెక్టరీని సృష్టించి, వేరును దానికి మార్చి, తాను దానికి బయట నిలిచి, పైన చెప్పిన రీతిగనే తప్పించుకొనును. కనుక గోడ కట్టిన పిదప సర్వాధికారమును వదలివేయుట ముఖ్యము.

తన గదికి తాను యజమాని కాకూడదా?

ఇప్పుడు, సర్వరు నడుపువారిని మిక్కిలి విసిగించు సంగతికి వత్తుము. క్రిస్ ఇవాన్స్ వ్రాసిన వీఎస్ఎఫ్‌టీపీడీ అను ప్రసిద్ధమైన సర్వరులో రమకు ఖాతా తెరచి, ఆమె డైరెక్టరీని ఆమె పేరనే వ్రాసి, వేరు మార్చు కట్టుబాటును పెట్టినచో, ఆమె ప్రవేశింపబోగా సర్వరు "500 ఊప్స్" అని ఆరంభించి, వ్రాయదగిన వేరుతో నడువజాలనని నిరాకరించును. రమ గదిలో రమ వ్రాసికొనుటకు అభ్యంతరమేమి? ఇది సర్వరు మూర్ఖత్వమని తలంచి, ఆ పరీక్షను ఆపు మార్గమును వెదకువారే ఎక్కువ.

కారణమిది. వేరు మారినది ఒక్క రమకు కాదు. ఆమెకు సేవచేయు ప్రోగ్రామునకే మారినది. ఆ ప్రోగ్రాము తన పనిలో భాగముగా కొన్ని వ్యవస్థ ఫైళ్లను చదువుచుండును: కాలమండలము తెలుపునవి, ఖాతాల పేర్లు ఎచ్చట దొరకునో తెలుపునవి, అవసరము కలిగినప్పుడు తెచ్చుకొను లైబ్రరీలు. వీని త్రోవలన్నియు "/" నుండి ఆరంభమగును. ఆ "/" ఇప్పుడు రమ గది. రమకు అచ్చట వ్రాయు హక్కున్నచో, వ్యవస్థ వాడు పేర్లతోనే డైరెక్టరీలను సృష్టించి, వానిలో తాను వ్రాసిన ఫైళ్లను ఉంచవచ్చును. ప్రోగ్రాము వానిని ప్రభుత్వపు ఫైళ్లని నమ్మి చదువును. ఊరి పొలిమేర వద్ద ఎవరైనను తమ సొంత మైలురాయిని నాటుకొనవచ్చునన్నచో బాటసారి గతి ఏమగునో ఇచ్చటను అదియే.

ఇది ఊహ మాత్రము కాదు. 2011 చివర ఫ్రీబీఎస్డీ అను వ్యవస్థలో ఇదే జరుగవచ్చునని బయటపడినది. ఆ వ్యవస్థలోని లైబ్రరీ, ఖాతాల పేర్లను ఎచ్చట వెదకవలెనో తెలుపు ఫైలు మారినప్పుడెల్ల దానిని తిరిగి చదువును. అందు చెప్పిన క్రొత్త లైబ్రరీని తెచ్చి నడుపును. ఎఫ్.టి.పి. ఖాతా గల ఒకడు తన గదిలో అట్టి ఫైలును, దానికి తగిన లైబ్రరీని ఉంచినచో, ఇంకను సర్వాధికారము వదలని సర్వరు ప్రోగ్రాము ఆ పరాయి లైబ్రరీని నడిపెడిది. సర్వాధికారము చేతికి వచ్చినవానికి గోడ ఒక లెక్క కాదని పైననే చూచితిమి. ఫ్రీబీఎస్డీ వారు 2011 డిసెంబరు 23న దీనిపై హెచ్చరిక ప్రకటించి సవరణ నిచ్చిరి. ఆ నెలలోనే వెలువడిన వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.5 కూర్పు, వ్రాయదగిన వేరును నిరాకరింప నారంభించినది. వాడుకదారుల గోల పడలేక కాబోలు, 2012 నాటి 3.0.0 కూర్పులో ఆ నిరాకరణను మాన్పు మీట నొకదానిని కూడ చేర్చిరి. మీట ఉన్నది గదా అని నొక్కుట కంటె గదిని సరిగా కట్టుకొనుట మేలు.

సరియైన కట్టడము సులభమే. రమ గదికి యజమాని సర్వాధికారి, అనుమతి 755. రమకు చూచుటకు, లోనికి పోవుటకు హక్కు కలదు, వ్రాయుటకు లేదు. ఆ గదిలో "అప్పగింత" అను లోపలి డైరెక్టరీ యొకటి. దానికి యజమానురాలు రమ. ఆమె వ్రాసినదంతయు అందులోనే. గది గోడలు సర్వాధికారివి, లోపలి బల్ల రమది అని చెప్పవచ్చును.

గది తలుపు ఆమె చేతిలో నుండకూడదనుటకు మరియొక నిదర్శనము కూడ కలదు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున పుట్టిన డబ్ల్యూయూ-ఎఫ్‌టీపీడీ ఒకప్పుడు ఎంతో వాడుకలో నుండెడిది. 2004లో దానిలో ఒక వింత లోపము వెల్లడియైనది. ఖాతాదారుడు తన డైరెక్టరీలోనికి తానే పోలేకుండ అనుమతులను తీసివేసి, తిరిగి ప్రవేశించినచో, సర్వరు వాని గదిలోనికి పోజాలక, వానిని యంత్రపు అసలైన వేరు వద్ద దించెడిది! సొంత గదికి తాళము వేసికొన్నవానికి భవనమంతయు అప్పగించినట్లయినది. పోజాలనప్పుడు త్రిప్పి పంపవలెను గాని, మరియొక చోటికి పంపరాదు.

పాఠశాల సర్వరున చేయవలసిన పని

వీఎస్ఎఫ్‌టీపీడీ యొక్క అమరిక ఫైలులో "సీహెచ్‌రూట్ లోకల్ యూజర్" అను పంక్తికి "ఎస్" అని వ్రాసినచో ఖాతాలన్నియు గదులకు పరిమితమగును. ఏమియు వ్రాయనిచో "నో" అనియే అర్థము. అనగా ఊరకున్న సర్వరు అందరిని తిరుగనిచ్చును. కొందరిని మినహాయించుటకు ఒక జాబితా ఫైలు కలదు. ఇచ్చట మిక్కిలి జాగరూకత వలయును. పై పంక్తి "నో" అయినప్పుడు జాబితాలోని పేర్లు పరిమితులగువారివి. అదే "ఎస్" అయినప్పుడు జాబితాలోని పేర్లు స్వేచ్ఛగా తిరుగువారివి. ఒక్క మాట మార్పుతో అదే జాబితా తలక్రిందులగును. తొమ్మిదవ తరగతి వారిని కట్టడి చేయుటకు వ్రాసిన జాబితా, మరునాడు వారొక్కరినే విడిచిపెట్టి ఉపాధ్యాయులందరిని కట్టడి చేయవచ్చును. ఇట్టి అమరికను కనిపెట్టినవారిని మెచ్చుకొనజాలము.

ఎఫ్.టి.పి.కి స్వభావసిద్ధముగా మరియొక కొరత కలదు. రహస్యపదము తీగె వెంట బాహాటముగా పోవును. నడుమ వినువాడు తెలిసికొనగలడు. 1971లో ఒకరినొకరు ఎరిగిన కొద్దిపాటి యంత్రములకు ఇది చెల్లినది. 2021లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లు రెండును ఎఫ్.టి.పి.ని వదలివేసినవి. క్రొత్తగా ఆరంభించువారు ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ద్వారా నడచు ఎస్.ఎఫ్.టి.పి.ని గ్రహించుట మంచిది. అందు సంభాషణ యంతయు గూఢలిపిలో సాగును. దీనిలో సీహెచ్‌రూట్ డైరెక్టరీ అను అమరిక 2008 మార్చిలో వెలువడిన 4.9 కూర్పు నుండి ప్రసిద్ధమైనది. దీని నియమము మరింత కఠినము: గది యొక్కటే కాదు, అసలు వేరు నుండి గది వరకు దారిలోని ప్రతి డైరెక్టరీకిని సర్వాధికారియే యజమానిగా నుండవలెను, మరెవ్వరికిని వ్రాయు హక్కు ఉండరాదు. కారణము స్పష్టమే. నడుమ డైరెక్టరీపై హక్కు గలవాడు గది పేరును కొట్టివేసి, అదే పేరుతో మరియొక గదిని నిలుపగలడు. ఈ నియమము తప్పినచో సర్వరు సంబంధమును తెంచివేయును. కారణమును మాత్రము తన దినచర్య పుస్తకములో వ్రాసియుంచును. మొదటిసారి అమర్చువారు ఆ పుస్తకమును చూడక గంటలకొలది తికమకపడుదురు. బృందమునకు గది నిర్ణయించినప్పుడే "అంతర్గత ఎస్.ఎఫ్.టి.పి. తప్ప మరేమియు నడుపరాదు" అను పంక్తిని కూడ చేర్చవలెను.

ఉపాధ్యాయులు అందరికిని పాఠములను ఒకే చోట ఉంచగోరుదురు. ప్రతి గదిలోను "పాఠములు" అను లంకె ఫైలును పెట్టి "/పాఠశాల/పాఠములు" అను చోటును చూపినచో పని జరుగదు. లంకెలోని "/" కూడ గది వేరు నుండియే లెక్కింపబడును. గదిలో పాఠశాల అను డైరెక్టరీ లేదు గదా. గోడ తన పని తాను చేసినదన్నమాట. దీనికి బైండ్ మౌంట్ అను ఉపాయము కలదు: ఒక డైరెక్టరీని చెట్టులో మరియొక చోట కూడ కనబడునట్లు కెర్నెలుకే చెప్పుట. దానిని చదువుటకు మాత్రమే అని గుర్తించి ప్రతి గదిలోను కలిపినచో, పాఠములు ఒక్కటే ప్రతిగా నుండి అందరికిని కనబడును, ఎవ్వరును మార్చలేరు.

అన్నియు అమర్చిన పిదప ఉపాధ్యాయుడు తానే ఒక విద్యార్థి పేరుతో ప్రవేశించి చూడవలెను. సర్వాధికారిగా ప్రవేశించి చూచినచో అన్నియు బాగుగనే కనబడును. మొదట "నేనెచ్చట నున్నాను?" అని అడుగవలెను; "/" అని సమాధానము రావలెను. పైకి పొమ్మని మరల అడిగినను "/" అనియే రావలెను. "/"లో ఒక ఫైలు నుంచబోగా నిరాకరింపవలెను. అప్పగింతలో ఉంచినచో పుచ్చుకొనవలెను. ప్రక్క విద్యార్థి పేరు చెప్పినచో "అనుమతి లేదు" అని కాక "అట్టిది లేదు" అని సమాధానము రావలెను. "అనుమతి లేదు" అని వచ్చినచో గోడ కట్టబడలేదనియు, ఆ గది తలుపు ఇంకను కనబడుచునే యున్నదనియు తెలియును. అమరిక ఫైలును మరల తెరచి చూడవలెను.